భయం మీద పీహెచ్‌డీ: అడ్మిషన్ నుంచి వైవా దాకా నా అనుభవం

గత నెలలో నా వైవా పూర్తయింది. సైకాలజీలో నేను ఎంచుకున్న విషయం భయం. మనిషి ఒక వస్తువుకో చోటుకో భయపడటం ఎలా నేర్చుకుంటాడు, ఇక భయపడక్కర్లేదని మళ్లీ ఎలా నేర్చుకుంటాడు అన్నది దాని సారం. అందులోనూ నేను పట్టుకున్న ముక్క ఒక్కటే: యాంగ్జైటీ (అతి ఆందోళన) ఎక్కువగా ఉన్నవాళ్లకు "ఇక్కడ ప్రమాదం లేదు" అన్న సంగతి ఒంటబట్టడానికి ఎందుకంత సమయం పడుతుంది? చేరేటప్పుడు ఐదేళ్లలో అయిపోతుందన్నారు. ఆరో ఏడాది సగం దాకా పట్టింది. ఈ దారిలోకి వద్దామనుకుంటున్న ఇద్దరు ముగ్గురు జూనియర్లు నన్ను అడుగుతూనే ఉన్నారు కాబట్టి, జరిగింది జరిగినట్టు వరుసగా రాస్తున్నాను.

దరఖాస్తు జనవరిలో పెట్టాను. ఏప్రిల్‌లో ఇంటర్వ్యూ జరిగింది, జూన్ చివర్లో సీటు వచ్చినట్టు తెలిసింది. ఇంటర్వ్యూలో "ఈ విషయమే ఎందుకు?" అని అడిగితే, యాంగ్జైటీతో బాధపడేవాళ్లకు సాయపడాలని ఉందన్నాను. ఆ తర్వాత నాకు గైడ్ అయిన ప్రొఫెసర్, మేమంతా మేడమ్ అని పిలిచేవాళ్లం, అక్కడే తేల్చి చెప్పారు. "మా దగ్గర పేషెంట్లకు వైద్యం చేయడం నేర్పరు. ఆ వైద్యం ఎందుకు పనిచేస్తుందో, కొందరికి కొన్నాళ్లకే భయం ఎందుకు తిరిగొస్తుందో వెతుకుతాం. ఈ తేడా ఇప్పుడే ఆలోచించుకో." ఈ మాట ఆ రోజే చెప్పినందుకు ఆవిడకు ఎప్పటికీ రుణపడి ఉంటాను. పరిశోధన డిగ్రీతో థెరపీ చేయడానికి అర్హత రాదు. దానికి వేరే క్లినికల్ శిక్షణ, వేరే లైసెన్సు కావాలి. ఈ సంగతి రెండో ఏడాదిలో తెలుసుకుని మానేసినవాళ్లను చూశాను. ఇంకో విషయం కూడా ముందే తెలుసుకోండి. మీరు భయం మీద పరిశోధన చేస్తున్నారని తెలిస్తే చాలు, పరిచయస్తులు తమ బాధలన్నీ మీ ముందు పెడతారు. వాళ్లు చెప్పేది వినడానికీ, తగిన డాక్టర్ దగ్గరికి పంపడానికీ మనసు సిద్ధం చేసుకోవాలి. నాకు అది పరిశోధన కన్నా బరువుగా అనిపించిన రోజులున్నాయి.

మొదటి ఏడాదంతా చదువే. ఈ రంగంలో అందరికీ తెలిసిన కథ 1920 నాటిది. జాన్ వాట్సన్, రోజలీ రేనర్ అనే ఇద్దరు ఏడాదైనా నిండని పసివాడికి తెల్ల ఎలుకను చూపిస్తూ, వెనకనుంచి ఇనుప కడ్డీ మీద సుత్తితో కొట్టారు. కొన్నిసార్లు అలా చేసేసరికి ఎలుకను చూస్తేనే ఆ బిడ్డ ఏడవడం మొదలుపెట్టాడు. నేను డిగ్రీలో ఈ ప్రయోగం గురించి పరీక్ష రాశాను. అప్పుడు గుచ్చుకోనిది మూల వ్యాసం చదివాక గుచ్చుకుంది: ఆ భయాన్ని పోగొట్టే పని వాళ్లు చేయలేదు. నాలుగేళ్ల తర్వాత, 1924లో, మేరీ కవర్ జోన్స్ ఆ రెండో సగం మొదలుపెట్టారు. కుందేలంటే హడలిపోయే పీటర్ అనే మూడేళ్ల పిల్లవాడు ఇష్టమైనది తింటుండగా, కుందేలును దూరం నుంచి కొద్దికొద్దిగా దగ్గరికి తెచ్చారు. భయం లేని పిల్లలను అతని పక్కన ఆడుకోనిచ్చారు. చివరికి పీటర్ కుందేలును నిమిరాడు. పాఠ్యపుస్తకాల్లో మొదటి కథకు పేజీలు, రెండోదానికి ఒక పేరా దక్కుతుంది. అది అన్యాయమని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

తర్వాత మేడమ్ రెండు పేర్లు ఇచ్చి, వీళ్లు రాసినవన్నీ చదివాకే రమ్మన్నారు. ఒకరు రాబర్ట్ రెస్కోర్లా. ఎలుకకు ఒక శబ్దం, కరెంటు షాక్ ఎన్నోసార్లు కలిసి వచ్చినా సరే, శబ్దం లేనప్పుడు కూడా షాక్ అంతే తరచుగా వస్తుంటే ఎలుక ఆ శబ్దానికి భయపడదని 1960ల చివర్లో ఆయన చూపించారు. అంటే ఎలుక కూడా "ఇది వస్తే అది వచ్చే అవకాశం పెరుగుతుందా" అని లెక్క కడుతోందన్నమాట. షాక్ రాదని సూచించే శబ్దం కూడా ఒక పాఠమే, దానికీ ఒక బలం ఉంటుందని ఆయన రాసింది చదివాకే నా పరిశోధనకు ఒక ఆకారం వచ్చింది.

రెండో పేరు సుసాన్ మినెకా. ల్యాబ్‌లో పుట్టి పెరిగిన రీసస్ కోతులకు పాములంటే భయం ఉండదు. అడవిలో పెరిగిన కోతి పామును చూసి బెదిరిపోవడం కాసేపు చూస్తే చాలు, వాటికీ ఆ భయం పట్టుకుంటుంది. ఆ దృశ్యం వీడియోను మార్చి, పామున్న చోట పువ్వులు పెట్టి చూపిస్తే పువ్వుల భయం మాత్రం అంటలేదు. ఇదంతా చాలామందికి తెలుసు. 1986లో ఆవిడ, మైకేల్ కుక్ కలిసి చేసిన ఇంకో ప్రయోగం నన్ను పట్టేసింది. పాము దగ్గర నింపాదిగా ఉన్న కోతిని ముందుగా చూపించి, ఆ తర్వాత భయపడే కోతిని చూపించారు. ఎక్కువ కోతులకు భయం అంటలేదు. ఎవరో ధైర్యంగా ఉండటం ముందే చూడటం తర్వాతి భయానికి అడ్డుపడిందన్నమాట. ఆ వ్యాసం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనుషుల్లో, అదీ యాంగ్జైటీ ఎక్కువున్న మనుషుల్లో, ఇది పనిచేస్తుందా అన్న ప్రశ్న ఆ రాత్రి మొదలైంది.

మేడమ్ ల్యాబ్‌లో ఒక నియమం ఉంది. ఇంకొకరికి షాక్ ఇచ్చే ప్రయోగం చేయబోయేవాళ్లు ముందు తాము ఆ కుర్చీలో కూర్చోవాలి. నా వంతు నవంబరులో వచ్చింది. ఎడమచేతి చూపుడువేలికి, మధ్యవేలికి జెల్ రాసి చిన్న ఎలక్ట్రోడ్లు అంటించారు. అవి షాక్ ఇవ్వడానికి కాదు, చర్మంలో చెమట వల్ల విద్యుత్ ఎంత సులువుగా పారుతుందో కొలవడానికి. షాక్ ఇచ్చే ఎలక్ట్రోడ్ కుడి మణికట్టు మీద. దాన్ని చాలా తక్కువ నుంచి మొదలుపెట్టి మెట్టు మెట్టుగా పెంచుతారు. "ఇబ్బందిగా ఉండాలి, నొప్పి మాత్రం అనిపించకూడదు, ఎక్కడ ఆపాలో నువ్వే చెప్పు" అన్నారు సీనియర్. నేను ఆపమన్న చోట, లోపలి నుంచి ఎవరో వేలితో గట్టిగా పొడిచినట్టు ఉంది.

తర్వాత తెర మీద రెండు రంగుల చదరాలు ఒకదాని తర్వాత ఒకటి రావడం మొదలైంది. ఒక్కొక్కటి ఎనిమిది సెకన్లు ఉంటుంది. ఒక రంగు వచ్చినప్పుడు కొన్నిసార్లు చివర్లో షాక్ ఉంటుంది, రెండో రంగుకు ఎప్పుడూ ఉండదు. ల్యాబ్ భాషలో షాక్ బొమ్మ, సేఫ్ బొమ్మ. ఏది ఏదో ముందుగా చెప్పరు, మనమే పట్టుకోవాలి. షాక్ కన్నా ఆ ఎనిమిది సెకన్లే కష్టం. దవడ బిగుసుకుపోతుంది, కుడి చెయ్యి దానంతటదే వెనక్కి లాక్కుంటుంది. అయిపోయాక నా రికార్డింగ్ చూపించారు. షాక్ బొమ్మకు గీత పైకి లేవడం సరే, సేఫ్ బొమ్మకు కూడా చాలాసేపు లేస్తూనే ఉంది. అది సేఫ్ అని నాకు అప్పటికే అర్థమైంది, షాక్ వస్తుందనుకుంటున్నావా అని అడిగిన చోట "షాక్ రాదు" అనే నొక్కాను. వేళ్లకు ఆ కబురు ఆలస్యంగా అందింది. అంతవరకూ చదివిందంతా ఆ ఒక్క కాగితం మీద కనిపించింది.

డిసెంబరులో ఎథిక్స్ కమిటీకి, అంటే మనుషుల మీద చేసే ప్రయోగాలకు అనుమతిచ్చే కమిటీకి, దరఖాస్తు పెట్టాను. మొదటి ప్రశ్నలు ఫిబ్రవరిలో వచ్చాయి, జవాబులిచ్చాక మళ్లీ ఏప్రిల్‌లో ఇంకొన్ని వచ్చాయి, అనుమతి మే చివర్లో. ఈ ఆలస్యానికి చాలామంది విసుక్కుంటారు. నేనూ విసుక్కున్నాను కానీ, వాళ్లడిగిన ప్రతి ప్రశ్నా సబబైనదే. పేస్‌మేకర్ ఉన్నవాళ్లను, గుండె జబ్బు, మూర్ఛ ఉన్నవాళ్లను, గర్భిణులను ఎలా పక్కన పెడతారు? మధ్యలో మానేస్తే డబ్బు పూర్తిగా ఇస్తారా? ఒక సభ్యుడు అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు: "పరీక్ష అయ్యేసరికి భయం ఇంకా మిగిలే ఉంటే, ఆ మనిషిని అలాగే ఇంటికి పంపుతారా?" దానికోసం ప్రతి ఒక్కరికీ చివర్లో షాక్ లేని బొమ్మలు ఇంకొన్ని చూపించడం, జరిగిందంతా కూర్చోబెట్టి వివరించడం, అవసరమైతే మాట్లాడటానికి కౌన్సెలర్ నంబరు ఇవ్వడం చేర్చాం. కన్సెంట్ ఫారం మాత్రం నాతో మళ్లీ మళ్లీ రాయించారు. "చదువుకోని మనిషికి కూడా షాక్ ఎక్కడ తగులుతుందో, ఎలా ఆపమనాలో అర్థం కావాలి" అన్నది వాళ్ల పట్టుదల. పార్టిసిపెంట్లు నిజంగా చదివి సంతకం పెడుతుంటే ఆ పట్టుదల విలువ తెలిసింది.

పైలట్, అంటే అసలు ప్రయోగానికి ముందు చేసే చిన్న ట్రయల్, జూన్‌లో మొదలైంది. మొదటి వారం గీతలన్నీ చదునుగా వచ్చాయి. యంత్రం పాడైందేమోనని వైర్లన్నీ మార్చాం. అసలు కారణం ఏసీ. కంప్యూటర్ల కోసం గదిని చల్లగా ఉంచడంతో, వచ్చినవాళ్ల వేళ్లు చల్లబడి స్పందన పడిపోతోంది. గదిని 23, 24 డిగ్రీల దగ్గర ఉంచితే గీతలు లేచాయి. ఇలాంటివి ఎవరూ వ్యాసాల్లో వివరంగా రాయరు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను. దగ్గినా, గట్టిగా ఊపిరి తీసినా గీత లేస్తుంది, కాబట్టి పక్కన కూర్చుని ప్రతి దగ్గునూ నోట్ చేసుకోవాలి. జేబులో ఫోన్ వణికినా లేస్తుంది, ఫోన్ బయట పెట్టించాలి. జెల్ రాశాక కనీసం ఐదు నిమిషాలు ఆగాలి. కొన్ని మందులు చెమటను తగ్గిస్తాయి కాబట్టి వేసుకునే మందుల గురించి ముందే అడగాలి.

అసలు డేటా సేకరణకు ఏడాదిన్నర పైనే పట్టింది. యాంగ్జైటీ ప్రశ్నావళిలో స్కోరు ఎక్కువ వచ్చినవాళ్లు ఒక గుంపు, తక్కువ వచ్చినవాళ్లు ఇంకో గుంపు. ప్రతి మనిషీ రెండు రోజులు రావాలి. మొదటి రోజు బొమ్మకూ షాక్‌కూ ఉన్న సంబంధం నేర్చుకోవడం, ఆ తర్వాత షాక్ లేకుండా అవే బొమ్మలు చూడటం. రెండో రోజు భయం తిరిగి వచ్చిందా లేదా అన్న పరీక్ష. పావ్లోవ్ కుక్కల కాలం నుంచీ తెలిసిన సంగతే ఇది: ఆరిపోయిందనుకున్న స్పందన కొంత విరామం తర్వాత మళ్లీ తలెత్తుతుంది. పాత పాఠం చెరిగిపోదని, దాని పక్కనే కొత్త పాఠం చేరుతుందని, రెండింట్లో ఏది పైకి వస్తుందన్నది చోటునూ సమయాన్నీ బట్టి ఉంటుందని మార్క్ బూటన్ ఏళ్ల తరబడి చూపించారు. ఎక్స్‌పోజర్ థెరపీని, అంటే భయపడేదాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కోనిచ్చే చికిత్సను, వేరు వేరు చోట్ల, వేరు వేరు వేళల్లో చేయించాలని మిషెల్ క్రాస్కే లాంటివాళ్లు చెప్పడానికి మూలం ఇక్కడే ఉంది.

అయితే రెండో రోజు అందరూ రారు. అదే నా అసలు తలనొప్పి. ముందురోజు సాయంత్రం మెసేజ్ పెడితే కొంత నయం. డబ్బులో పెద్ద భాగం రెండో రోజు ఇవ్వాలని నాకు సలహా ఇచ్చారు కానీ, అది ఒత్తిడి చేయడమేనని కమిటీ ఒప్పుకోలేదు. ఆ నిర్ణయం సరైనదే.

ఒక మధ్యాహ్నం వచ్చిన అమ్మాయి గురించి చెప్పాలి. యాంగ్జైటీ స్కోరు చాలా ఎక్కువ. షాక్ ఎంత ఉండాలో తేల్చే దశలో, ఇంకా చాలా తక్కువలో ఉండగానే, "నావల్ల కాదండీ" అంది. వెంటనే ఆపేసి ఎలక్ట్రోడ్లు తీశాను. తుడుచుకోవడానికి టిష్యూ ఇస్తే వేళ్లకున్న జెల్ తుడుచుకుంటూ, "నావల్ల మీ పని పాడైందా?" అని అడిగింది. లేదన్నాను, డబ్బు పూర్తిగా ఇచ్చాను, కాసేపు కూర్చోబెట్టి మాట్లాడాను. వెళ్లిపోయాక మాత్రం చాలాసేపు ఆ మాటే మెదిలింది. ఎవరి కోసం ఈ పరిశోధన చేస్తున్నామో, వాళ్లలో బాగా భయపడేవాళ్లు డేటాలోకి రాకముందే వెళ్లిపోతున్నారు. వ్యాసాల్లో మనం చూసే గీతలన్నీ ఆ కుర్చీలో కూర్చోగలిగినవాళ్లవి. ఆ సాయంత్రమే మేడమ్‌కు చెబితే, ఆవిడ కాసేపు మౌనంగా ఉండి, "మానేసిన ప్రతి ఒక్కరినీ లెక్కలో రాయి, థీసిస్‌లో దానికో సెక్షన్ పెట్టు" అన్నారు. పెట్టాను.

ఇంకో రకం మనుషులుంటారు, ఏం చేసినా వాళ్ల చర్మం స్పందించదు. షాక్ తగిలినా గీత కదలదు. వీళ్లను లెక్కలోంచి తీసేయాలా, ఉంచాలా? ఒక్కో ల్యాబ్‌ది ఒక్కో నియమం. 2019లో టీనా లోన్స్‌డార్ఫ్ బృందం ఈ గందరగోళాన్ని విడమరిచి చూపించింది: ఎవరిని తీసేశారన్నదాన్ని బట్టి ఫలితమే మారిపోవచ్చు. మేము నియమాలన్నీ డేటా చూడకముందే రాసి, తేదీతో సహా రిజిస్టర్ చేశాం. కొత్తగా చేరేవాళ్లు ఈ ఒక్క పనీ వాయిదా వేయకండి. మూడేళ్ల తర్వాత రివ్యూయర్ అడిగినప్పుడు నన్ను గట్టెక్కించింది ఆ కాగితమే.

మొదటి ప్రయోగం ఫలితం మూడో ఏడాది చివర్లో తేలింది. షాక్ బొమ్మ దగ్గర రెండు గుంపులూ దాదాపు ఒకలాగే ఉన్నాయి. తేడా వచ్చింది సేఫ్ బొమ్మ దగ్గర. యాంగ్జైటీ ఎక్కువున్నవాళ్లకు దాని మీద కూడా గీత లేస్తూనే ఉంది. 2015లో పక్ డుయిట్స్, సహచరులు పాత అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు యాంగ్జైటీ పేషెంట్లలో ఇదే కనిపించింది: ప్రమాద సూచన కన్నా భద్రత సూచన దగ్గరే తేడా తేటగా ఉంది. నా ఫలితం దానితో కలిసినందుకు సంతోషం కన్నా ముందు ఊరట కలిగింది. బయటివాళ్లు "వీళ్లకు భయం ఎక్కువ" అని తేలిగ్గా అనేస్తారు. ప్రమాదం దగ్గర వాళ్లు అందరిలాగే ఉన్నారు. ప్రమాదం లేని చోట కూడా వాళ్ల ఒళ్లు విశ్రాంతి తీసుకోలేకపోతోంది. దీన్ని అర్థం చేసుకున్నాక, ఇంట్లో అలాంటి మనిషి ఉన్నవాళ్లతో నేను మాట్లాడే తీరే మారిపోయింది.

రెండో ప్రయోగం నేను ఎంతో ఆశ పెట్టుకున్నది. ఇంకొక మనిషి షాక్ బొమ్మ ముందు నిబ్బరంగా కూర్చున్న వీడియో చూపిస్తే భయం తిరిగి రావడం తగ్గుతుందని 2013లో ఆర్మిటా గోల్కర్, ఆండ్రియాస్ ఓల్సన్ బృందం చూపించింది. మినెకా కోతుల ఆలోచనకు ఇది చుట్టమే. యాంగ్జైటీ ఎక్కువున్నవాళ్లకు ఆ వీడియో సేఫ్ బొమ్మ దగ్గర కూడా సాయపడుతుందా అని నేను చూశాను. ఏడాది పైన చేశాక వచ్చిన జవాబు, ఏదీ తేల్చలేమని. తేడా ఉందనడానికీ వీల్లేదు, లేదనడానికీ వీల్లేదు. విశ్లేషణ ముగిసిన రోజు ల్యాబ్ తలుపు వేసుకుని ఏడ్చాను. ఏడాది శ్రమ పోయిందన్న బాధ ఒకటి, ఆ పద్ధతి పనిచేస్తే ఎందరికో ఉపయోగపడేదన్న బాధ ఇంకొకటి.

మర్నాడు మేడమ్ రెండు వ్యాసాలు నా ముందు పెట్టారు. ఒకటి 2010లో డానియేలా షిల్లర్ బృందం నేచర్‌లో ప్రచురించింది. భయాన్ని ఒకసారి గుర్తుచేసి, పది నిమిషాలు ఆగి, అప్పుడు ఎక్స్‌టింక్షన్ చేస్తే, అంటే షాక్ లేకుండా అదే బొమ్మను మళ్లీ మళ్లీ చూపిస్తే, భయం తిరిగి రాదని దాని సారాంశం. ఆ వార్త అప్పట్లో లోకమంతా తిరిగింది. రెండోది 2020లో బెల్జియం పరిశోధకులు ముందే రిజిస్టర్ చేసి, అదే పద్ధతితో మళ్లీ చేసింది. ఆ ప్రభావం వాళ్లకు కనిపించలేదు. "ఈ రెండో వ్యాసం లేకపోతే ఇంకో పదేళ్లు మనమంతా ఆ దారినే పట్టుకుని నడిచేవాళ్లం. నీ ఫలితం కూడా రాయి" అన్నారు. రాశాను, డేటాతో సహా అందరికీ అందుబాటులో పెట్టాను.

ప్రచురణ గురించి త్వరగా చెప్పేస్తాను. మొదటి వ్యాసాన్ని ఒక జర్నల్ రివ్యూకు కూడా పంపకుండా మూడు వారాల్లో తిప్పి పంపింది. రెండో జర్నల్‌లో రివ్యూలు రావడానికి ఐదు నెలలు, సవరణలకు మూడు నెలలు, మళ్లీ రివ్యూకు ఇంకో మూడు నెలలు. ఏడాదికి పైగా అయ్యాక ఆమోదం వచ్చింది. ఈలోగా ఈమెయిల్ తెరవాలంటేనే టెన్షన్.

ఆ నిరీక్షణలోనే మేడమ్ క్లాసులకు సహాయకంగా పనిచేశాను. ప్రొఫెసర్ వారం ఎలా గడుస్తుందో దగ్గరనుంచి చూశాను. ఆవిడ తన పీహెచ్‌డీలో ఎలుకల మీద పనిచేసి, తర్వాత మనుషుల వైపు వచ్చారు. పాతికేళ్లు దాటినా ప్రశ్న మారలేదు: నేర్చుకున్న భద్రత ఎందుకు నిలవదు? కానీ వారంలో ఆ ప్రశ్న మీద కూర్చోగలిగేది ఒక పూట. మిగతాదంతా క్లాసులు, జవాబు పత్రాలు, కమిటీలు, ఇతరుల వ్యాసాలకు రివ్యూలు, గ్రాంటు దరఖాస్తులు. వచ్చిన గ్రాంట్ల కన్నా రానివే ఎక్కువ. ఒకసారి గ్రాంటు తిరస్కరించిన ఉత్తరం వచ్చిన గంటకే ఆవిడ క్లాసుకు వెళ్లి, పీటర్ కుందేలు కథను మొదటిసారి చెబుతున్నంత ఉత్సాహంగా చెప్పారు. వెనక బెంచీలో కూర్చుని విన్న నాకు, నేను ఇందులోనే ఉండిపోతానని ఆ రోజు అర్థమైంది.

డబ్బు సంగతి దాచను. ఫెలోషిప్ ఐదేళ్లతో ఆగిపోయింది. చివరి నెలలు పార్ట్‌టైమ్ పాఠాలు చెప్పుకుంటూ రాత్రిళ్లు థీసిస్ రాశాను. చేరే ముందే గైడ్‌ను రెండు విషయాలు నిక్కచ్చిగా అడగండి: ఫెలోషిప్ ఎన్నాళ్లు, గడువు దాటితే ఏ ఏర్పాటు ఉంది? పార్టిసిపెంట్లకు ఇచ్చే డబ్బు ల్యాబ్ భరిస్తుందా, మీరు గ్రాంటు తెచ్చుకోవాలా? ఈ ప్రశ్నలు అడగడానికి మొహమాటపడే వాళ్లే ఎక్కువ.

సెప్టెంబరులో థీసిస్ సమర్పించాను. ఎగ్జామినర్ల రిపోర్టులు రావడానికి నాలుగు నెలలు దాటింది. మొత్తం ప్రయాణంలో నన్ను బాగా అలసిపోయేలా చేసింది ఆ కాలమే, ఎందుకంటే చేయడానికి ఏమీ ఉండదు.

వైవా రెండు గంటలు సాగింది. బయటి ఎగ్జామినర్ సాదాగా ఒక ప్రశ్న వేశారు. "మీ సేఫ్ బొమ్మ సేఫ్ అని పార్టిసిపెంటుకు తెలుసని మీకెలా తెలుసు?" ప్రతి బొమ్మకూ షాక్ వస్తుందని ఎంత అనుకుంటున్నారో వాళ్లే స్కేలు మీద గుర్తించారని చెప్పాను. యాంగ్జైటీ ఎక్కువున్నవాళ్లలో చాలామంది "రాదు" అనే గుర్తించారు, అయినా చర్మం స్పందించింది. "అయితే మీరు కొలిచింది భయమేనా, లేక జాగ్రత్తా?" అన్నారు. చర్మ స్పందన ఒక్కటే చూస్తే ఆ రెండూ విడదీయలేమని, కొత్త సంగతి ఎదురైనా, ఆసక్తి కలిగినా అది లేస్తుందని, అందుకే దాన్ని భయానికి కొలత అని ఎక్కడా రాయలేదని చెప్పాను. ఆయన థీసిస్‌లో ఒక పేజీ తిప్పి, ఒకచోట అలా చదువుకునే వీలుందని చూపించారు. ఆ పేరాను మార్చమన్నారు. ఇంకొన్ని చిన్న సవరణలతో కలిపి నాలుగు వారాల గడువిచ్చారు. బయటికి వచ్చేసరికి కాళ్లు వణుకుతున్నాయి, ఆకలి దంచేస్తోంది, అమ్మకు ఫోన్ చేస్తే నోట మాట రాలేదు. "అయిపోయిందా నాన్నా?" అని తనే అడిగి, తనే ఏడ్చింది.

సవరణలు పోయిన వారం ఇచ్చేశాను. మేడమ్ ల్యాబ్‌లోనే ఏడాది పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగం) దొరికింది. కుర్చీలోంచి లేచి వెళ్లిపోయినవాళ్ల కోసం ఈసారి ప్రయోగం రాశాం. షాక్ ఉండదు, దాని బదులు కాసేపు చెవికి ఇబ్బంది కలిగించే శబ్దం. ఎంత గట్టిగా ఉండాలో వాళ్లే ఎంచుకుంటారు, ఏ క్షణమైనా తామే ఆపేసేలా చేతిలో బటన్ ఉంటుంది. శబ్దంతో స్పందన షాక్ అంత బలంగా రాకపోవచ్చు, అందుకని పార్టిసిపెంట్లు ఎక్కువమంది కావాలి. దరఖాస్తు ఎథిక్స్ కమిటీ దగ్గరుంది. మొదటి ప్రశ్నలు రెండు నెలల్లో రావచ్చు.